కణకవచ నిర్మాణాన్ని అడ్డుకునే యాంటీబయాటిక్స్

నిర్వచనం, పరిధి

బాక్టీరియా తన చుట్టూ కట్టుకునే కణకవచం తయారీలో ఏదో ఒక అంచెను అడ్డుకుని, తద్వారా ఆ బాక్టీరియాను చంపే మందులను కణకవచ నిరోధక యాంటీబయాటిక్స్ అంటారు. పెన్సిలిన్, ఆమాక్సిసిలిన్, సెఫలెక్సిన్, సెఫ్ట్రియాక్సోన్, మెరోపెనెమ్, వాంకోమైసిన్, ఫాస్ఫోమైసిన్, బాసిట్రాసిన్, సైక్లోసెరిన్ ఈ వర్గానికి చెందుతాయి. క్షయ చికిత్సలో వాడే ఐసోనియాజిడ్, ఇథాంబ్యుటాల్ కూడా కణకవచం మీదే పనిచేస్తాయి. కానీ అవి దెబ్బతీసేది క్షయ బాక్టీరియాకు ప్రత్యేకమైన మైకోలిక్ ఆమ్లం, అరాబినోగెలాక్టాన్ పొరలను. కణకవచానికి లోపలున్న ప్లాస్మా పొరను దెబ్బతీసే డాప్టోమైసిన్, ప్రొటీన్ తయారీని ఆపే టెట్రాసైక్లిన్, డీఎన్ఏ మీద ప్రభావం చూపే సిప్రోఫ్లాక్సాసిన్ ఈ వర్గంలోకి రావు.

ఈ మందులు బాక్టీరియా గోడను పగలగొడతాయని వాడుకలో అంటారు. ఆ మాట సగమే నిజం. ఈ వర్గంలోని మందు ఏదీ కట్టి ఉన్న గోడను తాకి విరగ్గొట్టదు. పెరుగుతున్న బాక్టీరియా తన కవచాన్ని ఒకవైపు కోస్తూ, మరోవైపు అతుకుతూ ఉంటుంది. మందు అతికే పనిని ఆపుతుంది, కోత మాత్రం ఆగదు. బాక్టీరియా చావుకు అసలు కారణం ఈ తూకం తప్పడమే. ఈ మందుల బలం, పరిమితి, ఇతర మందులతో పొత్తు, వాటిపై పుట్టే నిరోధకత, అన్నింటికీ పొందికైన వివరణ ఈ దృష్టితో చూసినప్పుడే దొరుకుతుంది. ఈ వ్యాసం ఆ ఆధారాలను వరసగా పరిశీలిస్తుంది.

కణకవచం: నిర్మాణం, అవసరం

బాక్టీరియా లోపల లవణాలు, చక్కెరలు, ప్రొటీన్లు చిక్కగా ఉంటాయి. అందువల్ల ద్రవాభిసరణ ద్వారా బయటి నీరు లోపలికి చొరబడుతూ ఉంటుంది. స్టాఫిలోకోకస్ వంటి గ్రామ్ పాజిటివ్ బాక్టీరియాలో ఈ నీటి ఒత్తిడి సుమారు 20 వాతావరణాల దాకా ఉంటుంది. కారు టైరులో గాలి ఒత్తిడి 2 వాతావరణాలకు కాస్త అటూ ఇటూగా ఉంటుందని గుర్తుంచుకుంటే దీని తీవ్రత తెలుస్తుంది. ఈ.కోలై వంటి గ్రామ్ నెగటివ్ బాక్టీరియాలో ఒత్తిడి ఇంతకన్నా బాగా తక్కువే అయినా, పలుచని ప్లాస్మా పొర ఒక్కటే దాన్ని తట్టుకోలేదు. ఆ భారం మోసేది పొర బయట ఉన్న కణకవచం. జంతు కణాలకు కవచం లేదు. మన శరీరంలో రక్తం, కణజాల ద్రవం చిక్కదనం కణం లోపలి చిక్కదనంతో సమానంగా ఉంటుంది కాబట్టి మన కణాలకు దాని అవసరం కూడా లేదు. బాక్టీరియాకు ప్రాణావసరమైన ఈ నిర్మాణం మనిషిలో లేకపోవడమే దీన్ని మందుకు అనువైన గురిగా చేసింది.

కణకవచంలో ప్రధాన పదార్థం పెప్టిడోగ్లైకాన్. దీనికే మురీన్ అని మరో పేరు. ఎన్-ఎసిటైల్ గ్లూకోజమైన్, ఎన్-ఎసిటైల్ మురామిక్ ఆమ్లం అనే రెండు చక్కెరలు ఒకదాని తర్వాత ఒకటిగా పేర్చుకుని పొడవాటి పోగులవుతాయి. ప్రతి మురామిక్ ఆమ్లం నుంచి కొన్ని అమైనో ఆమ్లాల చిన్న పెప్టైడు కొమ్మ వేలాడుతుంది. పక్కపక్క పోగుల కొమ్మలు ఒకదానితో ఒకటి అతుక్కోవడంతో పోగులన్నీ కలిసి వల అవుతాయి. 1964లో వైడెల్, పెల్జర్ ఈ వలను బాక్టీరియా మొత్తాన్ని చుట్టిన సంచి ఆకారపు ఒకే ఒక్క పెద్ద అణువుగా వర్ణించారు. సాధారణ ప్రొటీన్లలో ఎల్-రూపపు అమైనో ఆమ్లాలే ఉంటాయి. కవచపు కొమ్మల్లో డి-అలనిన్, డి-గ్లూటమిక్ ఆమ్లం వంటి డి-రూపాలూ ఉంటాయి. ప్రొటీన్లను కోసే మామూలు ఎంజైములకు అవి లొంగవు.

1884లో డెన్మార్క్ వైద్యుడు హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ కనిపెట్టిన రంగు పరీక్ష బాక్టీరియాను రెండు తెగలుగా విడదీసింది. ఆ తేడాకు మూలం కవచంలోనే ఉందని తర్వాత తెలిసింది. గ్రామ్ పాజిటివ్ బాక్టీరియాలో పెప్టిడోగ్లైకాన్ అనేక వరసలుగా, 20 నుంచి 80 నానోమీటర్ల మందంలో ఉంటుంది. గ్రామ్ నెగటివ్ బాక్టీరియాలో అది కొద్ది నానోమీటర్ల పలుచని వల మాత్రమే. దాని బయట మరో కొవ్వు పొర ఉంటుంది. ఈ బయటి పొరలో పోరిన్లనే సన్నని ప్రొటీన్ ద్వారాలు ఉంటాయి. ఏ మందు లోపలికి వెళ్లగలదో తేల్చేవి ప్రధానంగా ఇవే. వాంకోమైసిన్ అణువు వాటిలో పట్టనంత పెద్దది. అందుకే అది గ్రామ్ నెగటివ్ బాక్టీరియాపై పనిచేయదు.

ఆవిష్కరణ చరిత్ర: లైసోజైమ్, పెన్సిలిన్

లండన్ సెయింట్ మేరీస్ ఆస్పత్రిలో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ కణకవచాన్ని దెబ్బతీసే రెండు పదార్థాలను కనుగొన్నాడు. రెండింటికీ గురి ఒకటేనన్న సంగతి అప్పట్లో ఆయనకు తెలిసే వీలు లేదు. మొదటిది లైసోజైమ్. కన్నీరు, లాలాజలం, కోడిగుడ్డు తెల్లసొనల్లో ఉండే ఈ ఎంజైమును గురించి ఆయన 1922లో ప్రకటించాడు. రెండోది పెన్సిలిన్. 1928 సెప్టెంబరులో స్టాఫిలోకోకస్ పెంచిన గాజు పళ్లెంలో పడ్డ పెన్సిలియం బూజు చుట్టూ ఉన్న బాక్టీరియా గుంపులు నిండుదనం కోల్పోయి, పారదర్శకమై, కరిగిపోతున్నట్టు కనిపించాయి. 1929లో ఆయన ఈ పరిశీలనను ప్రచురించాడు.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఈ వ్యాసపు వాదానికి మొదటి ఆధారం దొరుకుతుంది. లైసోజైమ్ రెండు చక్కెరల మధ్య బంధాన్ని నేరుగా తెంచుతుంది. దాని పనికి బాక్టీరియా బతికి ఉండాల్సిన అవసరం కూడా లేదు. ఎండబెట్టిన మైక్రోకోకస్ కణాలను నీళ్లలో కలిపి, తెల్లసొన లైసోజైమ్ చుక్క వేస్తే పాలలా ఉన్న నీరు తేటబడుతుంది. ఆ కణాలకే పెన్సిలిన్ కలిపితే ఏమీ జరగదు. పెరగని బాక్టీరియాను పెన్సిలిన్ చంపలేదని 1942లోనే గ్లాడిస్ హాబీ, ఆమె సహచరులు చూపారు. గోడను కోసేది లైసోజైమ్ అయితే, గోడ కట్టే పనిలో జోక్యం చేసుకునేది పెన్సిలిన్.

పెన్సిలిన్‌ను మందుగా మలిచినది ఆక్స్‌ఫర్డ్‌లో హోవర్డ్ ఫ్లోరీ, ఎర్నెస్ట్ చెయిన్, నార్మన్ హీట్లీల బృందం. 1940 మే 25న వారు 8 ఎలుకలకు ప్రాణాంతకమైన స్ట్రెప్టోకోకస్ ఎక్కించి, నాలుగింటికి పెన్సిలిన్ ఇచ్చారు. మందు అందిన నాలుగూ బతికాయి, అందని నాలుగూ తెల్లారేసరికి చనిపోయాయి. 1945లో ఫ్లెమింగ్, ఫ్లోరీ, చెయిన్‌లకు నోబెల్ బహుమతి లభించింది. అదే ఏడాది డోరతీ హాడ్జ్‌కిన్ ఎక్స్-కిరణాల స్ఫటిక పద్ధతిలో పెన్సిలిన్ అణువు ఆకృతిని తేల్చి, అందులో నాలుగు పరమాణువుల బీటా లాక్టమ్ వలయం ఉందని రుజువు చేశారు. భారత ప్రభుత్వం పుణె దగ్గర పింప్రిలో 1954లో హిందుస్థాన్ యాంటీబయాటిక్స్ సంస్థను నెలకొల్పడంతో దేశంలో పెన్సిలిన్ ఉత్పత్తి మొదలైంది.

పనితీరు బయటపడిన క్రమం

మందు చేతికొచ్చిన చాలా ఏళ్లకు గానీ అది ఎలా పనిచేస్తుందో తెలియలేదు. తక్కువ మోతాదు పెన్సిలిన్‌లో పెరిగిన బాక్టీరియా వికృతంగా పొడవు సాగడం గమనించిన డుగిడ్, కవచ నిర్మాణం దెబ్బతిని ఉంటుందని 1946లో సూచించాడు. పెన్సిలిన్ తగిలిన స్టాఫిలోకోకస్‌లో చక్కెర, అమైనో ఆమ్లాలు కలిసిన ఒక పదార్థం పోగుపడుతోందని జేమ్స్ పార్క్ గుర్తించాడు. అది కవచానికి సిద్ధం చేసిన ముడిసరుకేనని 1957లో పార్క్, స్ట్రోమింజర్ నిర్ధారించారు. కట్టుబడి ఆగిపోతే ఇటుకలు పేరుకుపోయినట్టే ఇది కూడా.

1956లో జాషువా లెడర్‌బర్గ్ చేసిన ప్రయోగం మరింత స్పష్టమైనది. చక్కెర చిక్కగా కలిపిన ద్రవంలో ఈ.కోలైకి పెన్సిలిన్ ఇచ్చినప్పుడు అవి చావలేదు, కడ్డీ ఆకారం కోల్పోయి గుండ్రటి బుడగలయ్యాయి. వాటిని పలుచని నీటిలోకి మార్చగానే పగిలిపోయాయి. పెన్సిలిన్ తీసేస్తే మళ్లీ కవచం కట్టుకుని కడ్డీలయ్యాయి. పెన్సిలిన్ బాక్టీరియాకు విషం కాదని, కవచం కట్టుకోనివ్వకుండా నీటి ఒత్తిడికి దాన్ని అప్పగిస్తుందని దీంతో తేలింది. ఇక 1965లో టిప్పర్, స్ట్రోమింజర్ ఒక బృందంగా, వైజ్, పార్క్ మరో బృందంగా, విడివిడిగా పనిచేసి ఒకే నిర్ణయానికి వచ్చారు: పెన్సిలిన్ ఆపేది పెప్టైడు కొమ్మలను అతికే చివరి అంచెను.

కవచం కట్టే అంచెలు, వాటిని అడ్డుకునే మందులు

కవచ నిర్మాణం మూడు చోట్ల జరుగుతుంది: కణం లోపలి ద్రవంలో ముడిసరుకు తయారవుతుంది, ప్లాస్మా పొర దాన్ని బయటికి చేరవేస్తుంది, పొర బయట అల్లకం సాగుతుంది. ఒక్కో చోట ఒక్కో రకం మందు అడ్డుపడుతుంది.

లోపలి ద్రవంలో మొదటి పని మురామిక్ ఆమ్లం తయారీ. ఇందుకు అవసరమైన మర్-ఏ ఎంజైములోని సిస్టీన్‌కు ఫాస్ఫోమైసిన్ అంటుకుని దాన్ని శాశ్వతంగా మూసేస్తుంది. క్షయ బాక్టీరియా మర్-ఏలో ఆ చోట సిస్టీన్‌కు బదులు ఆస్పార్టేట్ ఉండటం వల్ల ఈ మందు దానిపై పనిచేయదు. తర్వాత ఎల్-అలనిన్‌ను డి-అలనిన్‌గా మార్చే ఎంజైమునూ, రెండు డి-అలనిన్లను జతచేసే ఎంజైమునూ సైక్లోసెరిన్ అడ్డుకుంటుంది. దాని ఆకారం డి-అలనిన్‌ను పోలి ఉండటమే కారణం. మందులకు లొంగని క్షయకు చేసే చికిత్సలో దీన్ని వాడతారు.

తయారైన ముడిసరుకు 55 కార్బన్ల పొడవున్న ఒక కొవ్వు అణువు మీదికెక్కి లిపిడ్-2 అనే రూపంలో పొర దాటుతుంది. సరుకు దించిన తర్వాత ఆ కొవ్వు అణువు మళ్లీ మొదటి రూపానికి వచ్చి కొత్త సరుకు ఎత్తుకోవాలి. బాసిట్రాసిన్ దానికి అతుక్కుని తిరుగు ప్రయాణాన్ని ఆపుతుంది. ఈ మందు కిడ్నీలకు హాని చేస్తుంది కాబట్టి ఎక్కువగా పైపూత మందుగానే చెలామణిలో ఉంది.

పొర బయట రెండు పనులు జరుగుతాయి. మొదటిది చక్కెర పోగును పొడిగించడం, రెండోది పోగుల కొమ్మలను అతకడం. వాంకోమైసిన్ ఎంజైము జోలికి పోకుండా ముడిసరుకునే పట్టుకుంటుంది. కొమ్మ చివరనున్న రెండు డి-అలనిన్లను 5 హైడ్రోజన్ బంధాలతో బిగించి, ఎంజైముకు అందకుండా కప్పేస్తుంది. 1950లలో ఎలీ లిల్లీ సంస్థ బోర్నియో దీవి మట్టి నుంచి వేరు చేసిన ఈ మందు 1958లో వాడకంలోకి వచ్చింది. రెండో పనిని, అంటే కొమ్మల అతుకును, అడ్డుకునేవి బీటా లాక్టమ్‌లు.

బీటా లాక్టమ్‌లు: చర్య, రకాలు

అతికే ఎంజైములకు పెన్సిలిన్ అంటుకుంటుంది కాబట్టి వాటిని పెన్సిలిన్ బంధక ప్రొటీన్లు అంటారు. మామూలుగా వాటి పని ఇలా ఉంటుంది. కొమ్మ చివర డి-అలనిన్లు రెండు ఉంటాయి. ఎంజైములోని సెరీన్ ఆ రెంటి మధ్య బంధాన్ని తెంచి, చివరిదాన్ని వదిలేసి, మిగిలిన కొమ్మను తనకు తగిలించుకుంటుంది. ఆ తర్వాత దాన్ని పక్క పోగు కొమ్మకు అందిస్తుంది. పొర బయట శక్తినిచ్చే ఏటీపీ ఉండదు. తెగిన బంధంలోని శక్తే కొత్త అతుకుకు పెట్టుబడి. బయట ఖర్చుకు పనికొచ్చేలా లోపలే మూటగట్టి పంపిన చద్దన్నం లాంటిది ఆ చివరి డి-అలనిన్.

పెన్సిలిన్ వెన్నెముక సరిగ్గా ఈ రెండు డి-అలనిన్ల జంటను పోలి ఉంటుంది. ఎంజైము పొరబడి దాన్నే పట్టుకుంటుంది. మూడు కార్బన్లు, ఒక నైట్రోజన్ ఉన్న బీటా లాక్టమ్ వలయం ఇరుకుగా వంగి, విప్పుకోవడానికి సిద్ధంగా ఉంటుంది. సెరీన్ తగలగానే వలయం విప్పుకుని ఎంజైముకు అంటుకుపోతుంది. అసలు కొమ్మలోనైతే చివరి ముక్క రాలిపోయి చోటు ఖాళీ అవుతుంది. పెన్సిలిన్‌లో తెగిన రెండు కొసలూ ఒకే అణువులో భాగాలు కాబట్టి ఏదీ రాలిపోదు. ఎంజైము పనికిరాకుండా ఇరుక్కుపోతుంది.

ఒక్కో బాక్టీరియాలో ఇలాంటి ఎంజైములు అనేకం ఉంటాయి. ఈ.కోలైలో వాటి పనులు వేరువేరని 1975లో బ్రయన్ స్ప్రాట్ చూపాడు. మూడో ఎంజైమును ఆపే సెఫలెక్సిన్, ఆజ్‌ట్రియోనామ్ ఇస్తే కణం విడిపోలేక దారంలా సాగుతుంది. రెండోదాన్ని ఆపే మెసిలినామ్ ఇస్తే కడ్డీ గుండ్రమవుతుంది. ఒకటో రకాన్ని ఆపితే కణం త్వరగా పగులుతుంది.

బీటా లాక్టమ్‌లలో నాలుగు ప్రధాన శాఖలున్నాయి. పెన్సిలిన్లలో సహజ పెన్సిలిన్ తర్వాత, దాని మూలభాగమైన 6-అమైనో పెన్సిలానిక్ ఆమ్లాన్ని 1957లో బీచమ్ సంస్థ శాస్త్రజ్ఞులు వేరు చేయడంతో మెథిసిలిన్, ఆంపిసిలిన్, ఆమాక్సిసిలిన్ వంటి అర్ధకృత్రిమ రూపాలు వచ్చాయి. రెండోది సెఫలోస్పోరిన్ల శాఖ. 1945లో ఇటలీకి చెందిన సార్డీనియా దీవిలో జుసెప్పె బ్రోట్జు మురుగునీరు కలిసే చోట దొరికిన శిలీంధ్రంలో వీటి మూలాన్ని కనుగొన్నాడు. మూడోది కార్బపెనెమ్‌లు, నాలుగోది ఆజ్‌ట్రియోనామ్ ఉన్న మోనోబాక్టమ్‌లు. క్లావులానిక్ ఆమ్లం కూడా బీటా లాక్టమే. కానీ దాన్ని బాక్టీరియాను చంపడానికి కాకుండా, జతగా ఇచ్చిన ఆమాక్సిసిలిన్‌ను కాపాడటానికి వాడతారు (చూ. నిరోధకత).

బాక్టీరియా చనిపోయే తీరు

చేపల వలకు మధ్యలో కొత్త వరస చేర్చాలంటే ముందు పాత ముడులు విప్పక తప్పదు. పెప్టిడోగ్లైకాన్ సంచి కూడా అంతే. దాన్ని కోయకుండా పెంచడం కుదరదు. ఈ.కోలై ఒక తరం పెరిగేలోపు కవచంలో దాదాపు సగం విడదీసి, ఆ ముక్కల్లో అధిక భాగాన్ని మళ్లీ వాడుకుంటుంది. కోత నిజంగా అవసరమా, లేక పక్కన జరిగే వృథా పనా అన్న ప్రశ్నకు హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థ నుంచి సమాధానం వచ్చింది. మంజులా రెడ్డి బృందం 2012లో ఈ.కోలైలో కొమ్మల అతుకులను కోసే మూడు ఎంజైములను గుర్తించింది. ఒకటి లేకపోతే మరొకటి ఆ పని చేస్తుంది. మూడూ లేకపోతే కొత్త పోగులు చేరే చోటు లేక బాక్టీరియా పెరగలేకపోయింది. కోత కూడా నిర్మాణంలో భాగమేనని దీంతో రుజువైంది. బాక్టీరియా కవచంపై చేసిన పరిశోధనలకు ఆమెకు 2019లో ఇన్ఫోసిస్ బహుమతి లభించింది.

ఇప్పుడు అతికే ఎంజైము మందుతో ఇరుక్కుపోయిందనుకుందాం. కోసే ఎంజైములకు ఆ సంగతి తెలియదు. అవి పని సాగిస్తాయి. సూక్ష్మదర్శిని కింద సెఫలెక్సిన్ ఇచ్చిన ఈ.కోలైని చూస్తే ఈ కథంతా వరసగా కనిపిస్తుంది. కణం ముందు దారంలా పొడవు సాగుతుంది. తర్వాత, రెండుగా విడిపోవాల్సిన నడిమి చోట ఒక పక్కన చిన్న బుడిపె లేస్తుంది. చీలిన టైరులోంచి సైకిల్ ట్యూబు ఉబ్బినట్టు, కవచం తెగిన చోట ప్లాస్మా పొర బయటికి పొంగుతుంది. బుడగ కాసేపు నిలుస్తుంది. ఉన్నట్టుండి పగిలి, లోపలి సరుకు చెదిరిపోయి, ఖాళీ పెంకు మిగులుతుంది.

2014లో చో, ఉయెహారా, బర్న్‌హార్ట్ ఈ వివరణకు మరో మెట్టు చేర్చారు. బీటా లాక్టమ్ అతుకును ఆపినా, పోగులు వడికే పని ఆగదు. అతుకు పడని కొత్త పోగులను మరో ఎంజైము వెంటనే కోసేస్తుంది. వడకడం, కోయడం మళ్లీ మళ్లీ సాగి, కణం తన ముడిసరుకును గంగలో పోసినట్టు ఖర్చు చేసుకుంటుంది. అంటే మందు పనిని ఆపడంతో సరిపెట్టదు, ఆ పనినే ప్రాణం తీసే వృథా చక్రంగా మారుస్తుంది.

అభ్యంతరాలు, వాటి పరిశీలన

ఒత్తిడి వల్ల పగలడం ఒక్కటే సరిపోదా, కోసే ఎంజైముల ప్రసక్తి ఎందుకు అన్నది మొదటి అభ్యంతరం. దీనికి సమాధానం అలెగ్జాండర్ టొమాజ్ బృందం 1970లో ఇచ్చింది. న్యూమోకోకస్‌లో తన కవచాన్ని తానే కోసుకునే ఎంజైమును నిర్వీర్యం చేసినప్పుడు, పెన్సిలిన్ దాని పెరుగుదలను ఆపింది గానీ అది పగలలేదు. మందు అంతే, గురి అంతే. కత్తెర లేకపోవడంతో ఫలితం మారింది. అయితే ఇలాంటి బాక్టీరియా పగలకపోయినా నెమ్మదిగా చనిపోవడం తర్వాత కనిపించింది. కాబట్టి పగలడమే చావుకు ఏకైక మార్గమనడం సరికాదు. పై వృథా చక్రం ఈ మిగిలిన భాగాన్ని కొంతవరకు వివరిస్తుంది.

బాక్టీరియాను చంపే యాంటీబయాటిక్స్ అన్నీ చివరికి ఆక్సిజన్ సంబంధమైన హైడ్రాక్సిల్ రాడికల్స్ పుట్టించి చంపుతాయన్నది రెండో వాదం. 2007లో కొహన్‌స్కీ, కాలిన్స్ బృందం దీన్ని ముందుకు తెచ్చింది. 2013లో వెలువడిన రెండు అధ్యయనాలు ఆక్సిజన్ లేకున్నా ఈ మందులు చంపుతున్నాయని చూపి దీన్ని ప్రశ్నించాయి. రాడికల్స్ కొన్ని పరిస్థితుల్లో నష్టాన్ని పెంచవచ్చన్న అభిప్రాయం ఇంకా ఉంది. కానీ ఆక్సిజన్ లేనిచోట జరిగే చావుకు అవి కారణం కాలేవు.

కవచం లేకుండా బతికే బాక్టీరియా సంగతేమిటన్నది మూడో అభ్యంతరం. లిస్టర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎమీ క్లీనెబర్గర్ 1935లో వర్ణించిన ఎల్-రూపాలు అలాంటివి. అవి బతికేది చిక్కని ద్రవంలోనే. లెడర్‌బర్గ్ ప్రయోగం చూపింది కూడా అదే. కాబట్టి ఇవి వాదాన్ని కాదనడం లేదు, దానికి బలమిస్తున్నాయి. మైకోప్లాస్మాకు పుట్టుకతోనే కవచం లేదు. అందువల్ల అది తెచ్చే న్యుమోనియాకు ఏ బీటా లాక్టమూ పనిచేయదు.

సహనం, నిద్రాణ స్థితి

కవచం కట్టుకునే బాక్టీరియానే ఈ మందులు చంపుతాయి కాబట్టి, కట్టడం ఆపి నిద్రాణంగా ఉన్నవి బతికిపోతాయి. డబ్లిన్‌లో జోసెఫ్ బిగ్గర్ 1944లో పెన్సిలిన్ తట్టుకుని మిగిలిన కొద్దిపాటి స్టాఫిలోకోకస్ కణాలను వర్ణించాడు. వాటిని మళ్లీ పెంచితే వాటి సంతానం పెన్సిలిన్‌కు మామూలుగానే లొంగింది. ఇది నిరోధకత కాదు, సహనం. నిరోధకత జన్యువుల్లో ఉంటుంది, తరతరాలకు సంక్రమిస్తుంది. సహనం అప్పటి స్థితి మాత్రమే. 1986లో టువోమనెన్ బృందం ఈ.కోలై పెరిగే వేగాన్ని బట్టే బీటా లాక్టమ్‌లు వాటిని చంపే వేగం ఉంటుందని కొలిచి చూపింది.

ఇదే సూత్రం మందుల పొత్తును కూడా శాసిస్తుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధన విభాగానికి అధిపతిగా ఉన్న లెడర్లీ సంస్థలో బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్ కనుగొన్నాడు. టెట్రాసైక్లిన్లలో మొదటిదైన ఆ మందు ప్రొటీన్ తయారీని ఆపి బాక్టీరియా పెరుగుదలను నిలిపేస్తుంది. రెండు మంచి మందులు కలిపితే మరింత మేలు జరగాలని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ 1951లో లెపర్, డౌలింగ్ న్యూమోకోకస్ వల్ల మెదడు పొరల వాపు వచ్చిన రోగుల్లో పెన్సిలిన్ ఒక్కటే ఇచ్చినవారికన్నా, ఆరియోమైసిన్ కూడా కలిపి ఇచ్చినవారిలో మరణాలు చాలా ఎక్కువగా ఉన్నాయని వెల్లడించారు. పెరుగుదల నిలిచిపోయిన బాక్టీరియా మీద పెన్సిలిన్‌కు పట్టు దొరకలేదు. పెన్సిలిన్ గోడను తానే పగలగొట్టే మందైతే ఈ ఫలితం రాకూడదు.

నిరోధకత

కవచ నిరోధక మందులకు బాక్టీరియా నాలుగు విధాలుగా ఎదురు నిలుస్తుంది. మొదటిది మందునే నాశనం చేయడం. పెన్సిలిన్‌ను ధ్వంసం చేసే ఎంజైమును అబ్రహాం, చెయిన్ 1940లోనే, అంటే ఆ మందు చికిత్సలో వాడకంలోకి రాకముందే, వర్ణించారు. ఇలాంటి బీటా లాక్టమేజ్‌లు చాలావరకు అతికే ఎంజైముల నుంచే పరిణమించాయని భావిస్తున్నారు. వీటిలోని సెరీన్ కూడా మందును పట్టుకుంటుంది. అయితే నీటి అణువు సాయంతో దాన్ని వెంటనే వదిలించుకుంటుంది. క్లావులానిక్ ఆమ్లం ఇలాంటి ఎంజైములను తానే ఇరికించి, తోడొచ్చిన ఆమాక్సిసిలిన్‌కు దారి చేస్తుంది. మరో తెగ సెరీన్‌కు బదులు జింకు వాడుతుంది. న్యూఢిల్లీలో చికిత్స పొంది వెళ్లిన స్వీడన్ రోగిలో 2008లో గుర్తించిన ఎన్‌డీఎం-1 ఈ తెగకు చెందినది. కార్బపెనెమ్‌లను కూడా అది కోసేస్తుంది. ఆజ్‌ట్రియోనామ్‌ను మాత్రం కోయలేదు. అందుకే ఆజ్‌ట్రియోనామ్‌ను ఇతర లాక్టమేజ్‌ల నుంచి కాపాడే అవిబాక్టమ్‌తో కలిపి వాడే పద్ధతి వచ్చింది.

రెండోది గురిని మార్చుకోవడం. మెథిసిలిన్ వచ్చిన కొద్దికాలానికే, 1961లో, దానికి లొంగని స్టాఫిలోకోకస్‌ను బ్రిటన్‌లో గుర్తించారు. మెక్-ఏ జన్యువు అందించే కొత్త అతికే ఎంజైముకు బీటా లాక్టమ్‌లు దాదాపు అంటుకోవు. మందు మిగతా ఎంజైములను మూసేసినా ఇది ఒక్కటే అతుకు పని సాగిస్తుంది. ఎంటెరోకోకస్ వాంకోమైసిన్‌ను ఓడించిన తీరు మరింత సూక్ష్మమైనది. కొమ్మ చివర డి-అలనిన్‌కు బదులు డి-లాక్టేట్ పెడుతుంది. ఒక నైట్రోజన్ స్థానంలో ఆక్సిజన్ రావడంతో ఒక హైడ్రోజన్ బంధం పోయి, మందు పట్టు సుమారు వెయ్యి రెట్లు సడలుతుంది. మూడోది పోరిన్ ద్వారాలు మూసుకోవడం, నాలుగోది చొరబడ్డ మందును పంపులతో బయటికి తోసేయడం. ఈ రెండూ ముఖ్యంగా గ్రామ్ నెగటివ్ బాక్టీరియాలో కనిపిస్తాయి.

కణకవచం అంత మంచి గురి అయితే నిరోధకత ఇంత విస్తారంగా ఎందుకు పుట్టిందన్న ప్రశ్న న్యాయమైనదే. నిరోధకత రూపాలను పరిశీలిస్తే సమాధానం దొరుకుతుంది. పై నాలుగు విధాల్లో ఏ ఒక్కదానిలోనూ బాక్టీరియా కవచాన్ని వదులుకోలేదు. మందును కోసింది, తలుపు మూసింది, పనివాణ్ణి మార్చింది. కట్టడం మాత్రం మానలేదు. అంటే గురి బలహీనపడలేదు, దాన్ని చేరే దారులు మూసుకుపోతున్నాయి. గొంతునొప్పి తెచ్చే స్ట్రెప్టోకోకస్ పయోజెనీస్‌కు, సుఖవ్యాధి సిఫిలిస్‌కు పెన్సిలిన్ నేటికీ నమ్మకమైన మందుగా నిలవడం ఇందుకు సాక్ష్యం.

చికిత్సలో ప్రాముఖ్యం

మోతాదుల క్రమం కూడా ఈ పనితీరు నుంచే వచ్చింది. పెన్సిలిన్ ప్రభావం రక్తంలో దాని గరిష్ఠ స్థాయి మీద కాక, పనిచేసే స్థాయికి పైన అది ఎంతసేపు నిలిచిందన్న దాని మీద ఆధారపడుతుందని హ్యారీ ఈగిల్ చూపాడు. కోత, అతుకుల తూకం తప్పి కణం చావడానికి సమయం పడుతుంది. ఆమాక్సిసిలిన్‌ను రోజుకు రెండు మూడు సార్లు వేళ తప్పకుండా వేసుకోమని చెప్పడంలో అర్థం ఇదే. పూట వదిలేసి, తర్వాత రెండు మాత్రలు ఒకేసారి మింగితే ఆ లోటు తీరదు. కీళ్లవాత జ్వరం వచ్చిన పిల్లలకు గుండె కవాటాలు చెడకుండా మూడు నాలుగు వారాలకోసారి ఇచ్చే బెంజథీన్ పెన్సిలిన్ ఇంజెక్షన్ కూడా, మందు నెమ్మదిగా విడుదలై చాలాకాలం నిలవాలన్న ఈ సూత్రం మీదే తయారైంది.

మనిషి కణానికి కవచం లేదు కాబట్టి ఈ మందులు సాధారణంగా సురక్షితం. గర్భిణులకూ పెన్సిలిన్ ఇస్తారు. అయితే దీనర్థం హాని అసలే లేదని కాదు. విప్పుకున్న బీటా లాక్టమ్ వలయం మన ప్రొటీన్లకు అంటుకుని, కొందరిలో తీవ్రమైన ఎలర్జీ తెస్తుంది. బాక్టీరియా ఎంజైమును పట్టుకునే గుణమే ఇక్కడ అపాయానికి మూలం. పెద్దపేగులోని మేలుచేసే బాక్టీరియా కూడా ఈ మందులకు బలవుతుంది. జలుబు, ఫ్లూ వంటి వైరస్ జబ్బులకు వీటిని వాడటం నిష్ప్రయోజనం. వైరస్‌కు పెప్టిడోగ్లైకాన్ కవచమే లేదు. మూడోతరం సెఫలోస్పోరిన్లు, కార్బపెనెమ్‌లను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని, అమ్మిన వివరాలు ప్రత్యేక రిజిస్టరులో రాయాలని భారత ప్రభుత్వం 2013లో షెడ్యూల్ హెచ్1 ద్వారా నిర్దేశించింది. అవసరం లేని ప్రతి మోతాదు రోగానికి కారణం కాని బాక్టీరియాలో కూడా నిరోధక జన్యువులున్న వాటినే మిగులుస్తుంది. ఆ జన్యువులు ప్లాస్మిడ్లనే చిన్న డీఎన్ఏ వలయాల ద్వారా రోగకారక బాక్టీరియాకు చేరతాయి. కాబట్టి ఈ నియమం వ్యక్తి క్షేమంతో పాటు సమాజ క్షేమానికీ సంబంధించినది.

కొత్త లక్ష్యాలు

కవచంపై పరిశోధన ఇప్పుడు అతికే ఎంజైములను దాటి సాగుతోంది. 2015లో ప్రకటించిన టీక్సోబాక్టిన్ లిపిడ్-2ను పట్టుకుంటుంది. బాక్టీరియా జన్యువు మార్చుకుని ప్రొటీన్ ఆకారాన్ని మార్చగలిగినంత తేలిగ్గా ముడిసరుకు ఆకారాన్ని మార్చలేదన్నది ఇందులోని ఆలోచన. ఆ మార్పు అసాధ్యం కాదని వాంకోమైసిన్ అనుభవం హెచ్చరిస్తోంది. మరోవైపు, చక్కెర పోగులను వడికేది పెన్సిలిన్ బంధక ప్రొటీన్లే కాదని, రాడ్-ఏ అనే మరో తెగ ఎంజైము కూడా ఆ పని చేస్తుందని 2016లో తేలింది. అది కొత్త మందులకు ఇంకో గురి. కోసే ఎంజైములు కూడా అలాంటివే. వాటిని ఆపితే కవచం పెరగదు, అదుపు తప్పిస్తే కవచం నిలవదు.

ఫ్లెమింగ్ కనుగొన్న రెంటిలో గోడను నేరుగా కోసే లైసోజైమ్ ఒంట్లోకి ఇచ్చే ప్రధాన మందు కాలేదు, గోడను ముట్టని పెన్సిలిన్ అయింది. చిన్న అణువు కావడం వల్ల అది ఒంట్లో తేలిగ్గా వ్యాపిస్తుంది. కోసే పనిని బాక్టీరియా చేతే చేయిస్తుంది. కణకవచ నిరోధక యాంటీబయాటిక్స్ బలమంతా, వాటి హద్దు కూడా, ఈ ఒక్క విషయంలోనే ఉంది: బాక్టీరియా గోడ కడుతున్నంతసేపే అవి దాన్ని చంపగలవు.